2008 జీపులో వెనక నుంచి కూత: క్రౌన్, పినియన్ మార్చాల్సిందేనా?

పాతజీపు: మాది 2008 డీజిల్ జీపు, వెనక చక్రాల డ్రైవ్. 50 దాటాక యాక్సిలరేటర్ తొక్కితే వెనక నుంచి సన్నగా కూస్తోంది. కాలు తీస్తే తగ్గుతుంది. మెకానిక్ వెనక చక్రాలను తిప్పే గేర్ల జత, అదే క్రౌన్, పినియన్, రెండూ మార్చేయమంటున్నాడు. ఈ వయసు బండికి అంత ఖర్చు దండగ కాదా?

లారీమావ: దండగే తమ్ముడూ. ఆ గేర్లుండే హౌసింగ్‌లో 90 నంబర్ ఆయిల్ తీసేసి, ఇంకా చిక్కటి 140 పోయించు. పాత బండి అన్నాక ఆ మాత్రం చప్పుడు ఉంటుంది.

స్పానర్: మావా, చిక్కటి ఆయిల్‌తో చప్పుడు అణుగుతుంది గానీ అరుగుదల ఆగదు. పైగా జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం ఇంకా కష్టమవుతుంది. అసలు కూత హౌసింగ్‌దేనని ఎలా తేల్చారు? ఛాసిస్ వెంట శబ్దం ఎక్కడికైనా పాకుతుంది.

ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ, ఇంజన్ ఆపకుండా న్యూట్రల్ చేయండి. కూత అలాగే ఉంటే ఇంజన్, క్లచ్ కారణం కాదు. స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ తిప్పినప్పుడు ఒకవైపే పెరిగితే చక్రం బేరింగ్. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు మీద ఒకలా వస్తే టైర్లు. చాలామంది వదిలేసేది గేరు పరీక్ష. ఇలాంటి గేర్‌బాక్సుల్లో నాలుగో గేరు మామూలుగా డైరెక్ట్, అంటే ఇంజన్ తిప్పుడు నేరుగా బయటికి పోతుంది, పక్కనుండే లే షాఫ్ట్ మీద లోడ్ పడదు. మూడులో, ఐదులో అరిచి నాలుగులో ఊరుకుంటే చూడాల్సింది గేర్‌బాక్స్. గేరు ఏదైనా అదే వేగం దగ్గర కూస్తే వెనక హౌసింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

లారీమావ: షెడ్డులో ఇన్ని పరీక్షలు ఎవడు చేస్తాడయ్యా? లోడ్ మీదే కూస్తోందంటే పినియనే!

హైవేచిన్నా: రివర్స్ వేసి కదిలించినప్పుడు టక్కున కొడుతోందా? గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు, అదే క్రాస్, కూడా చూడండి, చవకలో పోతుంది.

పాతజీపు: టక్ లేదు. ఇప్పుడే తిప్పి వచ్చా. నాలుగులోనూ అదే కూత, న్యూట్రల్‌లో బాగా తగ్గుతోంది. స్టీరింగ్ తిప్పినా మార్పు లేదు.

లారీమావ: చెప్పానా!

స్పానర్: గేరు మారినా అదే కూత, లోడ్ తీస్తే తగ్గుతోంది కాబట్టి హౌసింగేలే మావా, ఒప్పుకున్నా. కానీ పినియన్ బేరింగ్ వదులై పళ్ల అమరిక జరిగినా ఇలాగే కూస్తుంది. పళ్లు బాగుంటే బేరింగులు మార్చి, సెట్టింగ్ చేయిస్తే సరిపోవచ్చు. ముందు డ్రెయిన్ ప్లగ్ తీయించండి. మెత్తటి బూడిదరంగు పేస్టు మామూలే, గోటికి తగిలే ముక్కలొస్తే లోపల ఏదో విరుగుతోంది. సెట్టు మార్చాల్సొస్తే మాత్రం క్రౌన్, పినియన్ జతగానే కొనండి. అమరిక సరిచేసే పలచటి రేకులు, అదే షిమ్ములు, వేశాక పళ్లకి రంగు పూసి, ఒకదానికొకటి తగిలిన అచ్చు ఎక్కడ పడుతోందో చూపించమనండి. ఆ పని తెలియని షెడ్డులో వేస్తే కొత్త సెట్టూ కూస్తుంది.

పాతజీపు: మా మెకానిక్ రంగు మాటే ఎత్తలేదు. రేపు ఆయిల్ దింపించి ఫొటో పెడతా.