ట్రాఫిక్‌లో కారు టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంది, రోడ్డెక్కితే దిగుతోంది: ఫ్యాన్ మోటారు మార్చాలా?

పెదవాల్తేరు_04
2004 మోడల్ ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ కాకుండా ఫ్యూయల్ ఇంజెక్షన్) పెట్రోల్ చిన్న కారు. ఏసీ ఉంది, రేడియేటర్‌కి ఒకటే ఫ్యాన్. వైజాగ్ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర పది నిమిషాలు ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు ముప్పావు దాటుతోంది. భీమిలి రోడ్డు మీద 60లో పోతుంటే మళ్లీ సగానికి దిగుతోంది. కూలెంట్ నిండుగా ఉంది, ఎక్కడా కారడం లేదు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మది. మోటారు మార్చేయమంటున్నారు. మార్చే ముందు ఏమేం చూడాలి?

గోపాలపట్నం_గ్యారేజీ
స్పీడులో దిగుతోందంటే ఎదురుగాలే ఫ్యాన్ పని చేసేస్తోందన్నమాట. రేడియేటర్, వాటర్ బాడీ (నీళ్ల పంపు), థర్మోస్టాట్ వాల్వ్ (వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలేది) మీద అనుమానం చాలా తగ్గిపోయినట్టే. అదే స్పీడులోనూ, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడూ హీటెక్కితే కథ వేరు: రేడియేటర్ గొట్టాలు పూడిపోయుండాలి, లేదా వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోయుండాలి. కూలెంట్ రిజర్వాయర్ డబ్బాలో ఆగకుండా బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. మీది ఆ దారి కాదు, ఫ్యాన్ దగ్గరే మొదలుపెట్టండి.

ముందు చేతులు జాగ్రత్త. కొన్ని బండ్లలో తాళం తీసేసినా వేడికి ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. బ్యాటరీ మైనస్ విప్పకుండా రెక్కల దగ్గర చెయ్యి పెట్టొద్దు. వేడి మీద రేడియేటర్ మూత అసలు ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్‌లో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తిప్పగానే ఒక్కసారి ఆవిరై మొహం మీదకొస్తాయి. పై హోస్ పట్టుకుని నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగండి.

మైనస్ విప్పాక రెక్క చేత్తో తిప్పండి. వదిలేశాక కాస్త తిరిగి ఆగాలి. గరగరమన్నా, బిగుసుకున్నా, ఇరుసు పక్కలకి ఊగినా దాన్ని పట్టుకునే బుష్ పోయింది. అప్పుడు మోటారు మాట న్యాయమే.

ఆటోనగర్_వైరింగ్
బుష్ బాగుంటే, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌కి ముఖ్యంగా రెండు కారణాలు. మోటారులో కార్బన్లు (బ్రష్‌లు) అరిగిపోవడం ఒకటి, మోటారుకి చేరే కరెంటు సరిపోకపోవడం రెండోది. రెండోది తేల్చకుండా మోటారు కొంటే డబ్బు దండగ. కొత్త మోటారు కూడా అంతే నెమ్మదిగా తిరుగుతుంది.

సాకెట్ పీకి అందులో మీటర్ పెట్టి, 12 వోల్టులు వచ్చింది కాబట్టి లైను బాగుందని చెప్పేస్తారు. అది లెక్కలోకి రాదు. లోడ్ లేనప్పుడు ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా 12 చూపిస్తుంది. ఎల్‌ఈడీ టెస్టర్ కూడా అంతే, తుప్పు పట్టిన జాయింట్ మీదుగా కూడా వెలుగుతుంది. సాకెట్ తగిలించి, ఫ్యాన్ తిరుగుతుండగా కొలవాలి.

సాకెట్ వెనక వైరు దూరే సందులోంచి గుండుసూది దించి పిన్నుకి తగిలించండి. మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి మూడు కొలతలు రాసుకోండి.
మోటారు రెండు పిన్నుల మధ్య ఎంత వస్తోంది.
బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్ పిన్నుకి ఎంత. 0.5 లోపు ఉండాలి.
మోటారు మైనస్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కి ఎంత. 0.2 లోపు ఉండాలి.
కొలిచేది బ్యాటరీ దిమ్మ మీదే, క్లాంపు మీద కాదు. చాలాసార్లు తప్పు ఆ రెంటి మధ్యే దాక్కుంటుంది.

పెదవాల్తేరు_04
ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ తిరిగేలా చేయడం ఎలా? రెక్కల పక్కన ఇంజన్ ఆన్ చేసి సూదులు పెట్టాలంటే భయంగా ఉంది.

ఆటోనగర్_వైరింగ్
ఇంజన్ అక్కర్లేదు. రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్ డబ్బా) పీకి, బేసులో 30, 87 నంబర్ల సందుల్ని 20 ఆంప్స్ ఫ్యూజ్ ఉన్న వైరు ముక్కతో కలపండి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడండి, స్పీకర్ వైరు వాడితే కాలుతుంది. 85, 86 రిలే కాయిల్‌వి, వాటి జోలికి వెళ్లొద్దు. నంబర్లు రిలే అడుగునే అచ్చు వేసి ఉంటాయి. అయితే ఇలా చేస్తే రిలే లోపలి పాయింట్లు (కరెంటు కలిపే కాంటాక్టులు) లెక్కలోంచి తప్పుకుంటాయి. రిలేతో సహా కొలవాలంటే దాన్ని బేసులోనే ఉంచి, తాళం ఆన్ చేసి, ఇంజన్ టెంపరేచర్ సెన్సర్ సాకెట్ పీకండి. ఈ తరహా బండ్లలో చాలావాటికి సెన్సర్ కనబడకపోతే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) జాగ్రత్త కోసం ఫ్యాన్ తిప్పేస్తుంది. చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, కంగారు పడొద్దు, తర్వాత తుడిచేయొచ్చు.

ఎండాడ_పాతబండి
ఇన్ని కొలతలెందుకండీ. ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి డైరెక్ట్ లైను లాగి డ్యాష్‌బోర్డులో స్విచ్ పెట్టేస్తే సరి. థర్మోస్టాట్ వాల్వ్ కూడా తీసేయండి, వైజాగ్ ఎండకి దాంతో పనేముంది?

ఉక్కునగరం_మీటర్
దయచేసి రెండూ చేయకండి. ఈ సలహా వల్ల ఇంజన్లు పాడవుతున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

వాల్వ్ మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. అది తీసేస్తే ఇంజన్ పని చేయాల్సిన వేడికి రావడానికి చాలా సమయం పడుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్ చెడుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని అడుగు పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. వాల్వ్ లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతాయి. అంటే హీట్ తగ్గాలని తీసింది హీట్ పెంచుతుంది. వాల్వ్ మీద అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి మరిగించండి. నీళ్లు మరిగేసరికి దాదాపు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. లేదంటే కొత్తది వేయండి.

ఇక డ్యాష్‌బోర్డు స్విచ్. అది వేయడం మర్చిపోయే రోజు తప్పకుండా వస్తుంది, అదీ ఘాట్ రోడ్డు మీదే. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే కార్బన్లు తొందరగా అరుగుతాయి, ఆగిపోయిన రోజు ఎవరికీ తెలియదు. ఫ్యూజ్ పెట్టిన డైరెక్ట్ లైను ఇంటికి చేరడానికి మాత్రమే.

మధురవాడ_టైమింగ్
ఇదే వరుసలో ఒక సందేహం. ఏసీ వేస్తే ఫ్యాన్ జోరుగా తిరుగుతుంది. ఏసీ ఆపితే ముల్లు ఎంత ఎక్కినా కదలదు. ఇదీ ఒకే ఫ్యాన్ ఉన్న బండే.

చల్లని_ఇంజన్
మోటారు, ఎర్త్ (బాడీకి కలిపే మైనస్ దారి), ఫ్యూజ్ బాగున్నాయి. అందుకే ఏసీతో తిరుగుతోంది. తిరగమని చెప్పాల్సిన దగ్గర తప్పుంది.

ఈ వయసు బండ్లలో చాలావాటికి ముల్లుకి ఒక సెన్సర్, ఈసీయూకి ఇంకొక సెన్సర్. ఒక్క వైరున్నది ముల్లుది, రెండు వైర్లున్నది ఈసీయూది. ముల్లు ఎర్రగీత మీదున్నా ఈసీయూ 70 డిగ్రీలే అనుకుంటుండొచ్చు. ఓబీడీ రీడర్ (ఈసీయూ అంకెలు చూపించే పరికరం) ఉంటే ఈసీయూ ఎంత చదువుతోందో చూడండి. లేకపోతే సాకెట్ పీకి సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. చిన్న పెట్రోల్ బండ్లలో ఎక్కువగా 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌లకి అటూఇటూ వస్తుంది. వేడెక్కే కొద్దీ అంకె తగ్గాలి. ఇంజన్ కాలిపోతున్నా వేలల్లోనే ఉంటే సెన్సర్ పోయినట్టే.

కార్బ్యురేటర్ బండ్లలో ఈసీయూ గొడవే లేదు, రేడియేటర్‌కో వాల్వ్ హౌసింగ్‌కో బిగించిన ఫ్యాన్ స్విచ్ ఉంటుంది. రెండు పిన్నులదైతే సాకెట్ పీకి ఆ రెండూ వైరు ముక్కతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ మార్చండి.

సెన్సర్ కొనేముందు మూత తీసి కూలెంట్ మెడదాకా ఉందో లేదో చూడండి. రిజర్వాయర్ నిండుగా ఉండి రేడియేటర్ వెలితిగా ఉండడం మామూలే, మూత రబ్బరు ఎండిపోతే వెనక్కి లాక్కోదు. సెన్సర్ చుట్టూ నీళ్లకి బదులు గాలి చేరితే అది వేడిని సరిగ్గా పట్టుకోదు.

పెదవాల్తేరు_04
సెన్సర్ సాకెట్ పీకి, రిలే ఉంచి కొలిచాను. బ్యాటరీ 12.4. మోటారు దగ్గర 7.6. ప్లస్ వైపు 1.1 పోతోంది. మైనస్ వైపు 3.7.

ఆటోనగర్_వైరింగ్
కూడిక సరిపోయింది కాబట్టి కొలత నమ్మొచ్చు. మోటారుని వదిలేయండి, ఎర్త్ పట్టుకోండి. పెదవాల్తేరంటే ఉప్పుగాలి ఉండే చోటు. హెడ్‌లైట్ వెనక, రేడియేటర్ సపోర్టు మీద నల్లవైరు లగ్గు (వైరు చివరి రింగు) బిగించిన బోల్టు ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది. విప్పితే లగ్గు కింద ఎర్ర తుప్పు, వైరు మొదట్లో పచ్చటి పొడి ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు రెండంగుళాలు చీల్చి చూడండి. లోపల రాగి నల్లబడి ఉంటే అంతవరకూ కోసేయాలి, లేకపోతే కొత్త లగ్గు వేసినా నిలవదు.

120 నంబరు ఎమరీ పేపరుతో బాడీ మీద పెయింటు, తుప్పు పోయి తెల్ల ఇనుము కనబడేదాకా రుద్దండి. తగరం పూసిన కొత్త లగ్గు, పళ్లున్న వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన వాజలిన్ పూయండి. ముందే పూసి బిగించొద్దు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వచ్చే పట్టీ రెండు చివరలూ ఇలాగే చేయండి.

పెదవాల్తేరు_04
మీరు చెప్పినట్టే ఉంది, మూడు పోగులు తప్ప మిగతా రాగి అంతా పొడే. అంగుళంన్నర కోసి కొత్త లగ్గు వేశాను. ఇప్పుడు మైనస్ వైపు 0.1. ఫ్యాన్ జోరందుకుంది. కానీ ప్లస్ వైపు 1.1 కాస్తా 1.5 అయ్యింది! బ్యాటరీ 12.3, మోటారు దగ్గర 10.7. పని చేస్తూ ఏదైనా చెడగొట్టానా?

ఆటోనగర్_వైరింగ్
లేదండీ, ఏమీ చెడలేదు. ఎర్త్ బాగుపడింది కాబట్టి మోటారు ఇప్పుడు ఎక్కువ ఆంప్స్ లాగుతోంది. ప్లస్ దారిలో పాత అడ్డు అలాగే ఉంది, దాని మీదుగా ఎక్కువ కరెంటు పోతే ఎక్కువ వోల్టులు పోతాయి. ఒకటి బాగు చేస్తే రెండోది బయటపడింది, అంతే.

ఇప్పుడు ప్లస్ దారిని ముక్కలుగా కొలవండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ రెండు కాళ్లకీ, అక్కడి నుంచి రిలే 30కి, 30 నుంచి 87కి, 87 నుంచి మోటారుకి. అంకె ఎక్కడ ఎగిరితే అక్కడే జబ్బు. ఈ వయసులో ఎక్కువగా రిలే బేసులో పిన్నుని పట్టుకునే పట్టీలు వదులై కాలి ఉంటాయి. రిలే టిక్కుమంటోంది కదా అని వదిలేయొద్దు, ఆ చప్పుడు కాయిల్‌ది, పాయింట్లది కాదు.

గోపాలపట్నం_గ్యారేజీ
ఫ్యూజ్ మాత్రం బాక్సు మూత మీద రాసి ఉన్నదే వేయండి. ఊరికే పోతోందని 30కి 40 వేస్తే ఈసారి కాలేది వైరు. ఫ్యూజ్ పోతోందంటే మోటారు బిగిసిపోవడమో, తొడుగు అంచుకి రాసుకుని వైరు ఒలిచిపోవడమో కారణమై ఉంటుంది.

మోటారు ఎప్పుడైనా విప్పించి కార్బన్లు వేయించి ఉంటే తిరిగే దిక్కు కూడా చూడండి. వైర్లు అటూఇటూ అయితే ఉల్టా తిరుగుతుంది, జోరుగానే తిరుగుతుంది, బండి మాత్రం హీటెక్కుతుంది. ముందు జాలీ దగ్గర న్యూస్‌పేపర్ సగం కాగితం పట్టుకోండి. అంటుకుని నిలబడాలి, ఎగిరిపోకూడదు.

పెదవాల్తేరు_04
30 నుంచి 87కి 1.2 పోతోంది. రిలే పీకితే 87 పిన్ను గోధుమరంగుకి మారింది, బేసు ప్లాస్టిక్ ఆ సందు దగ్గర కొద్దిగా కరిగింది. రిలే, బేసు రెండూ మార్చాను. బ్యాటరీ 12.2, ప్లస్ వైపు 0.3, మైనస్ వైపు 0.1, మోటారు దగ్గర 11.8. కాగితం అంటుకుంది. సెన్సర్ సాకెట్ తగిలించి ఓబీడీ పెట్టి ఐడిలింగ్‌లో ఉంచితే 96 దగ్గర ఫ్యాన్ ఆన్, 91 దగ్గర ఆఫ్. ముల్లు సగం దాటలేదు.

ఆటోనగర్_వైరింగ్
మోటారు కొనక్కర్లేదు. పది రోజులయ్యాక ఏసీ వేసి పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి, ఇంజన్ ఆపాక కొత్త బేసు మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు నిలవనంత కాలుతుంటే పట్టీ వదులుగా క్రింప్ చేశారన్నమాట, ఇంకోసారి వేయించండి.