డైనస్టీ మన అంబాసిడరేనా? గేమ్ కార్లకు "అసలు మోడల్" ఒకటే రాయాలా, భాగాల వారీగా రాయాలా

మలక్‌పేట్_మెష్
మన సిటీ గేమింగ్ గ్రూపు కార్ల జాబితాలో ప్రతి గేమ్ కారు ఎదురుగా "అసలు మోడల్" అని ఒకే గడి ఉంది. కల్పిత పేరుతో ఉన్న గేమ్ కారుని ఏ నిజం కారుని చూసి గీశారో అందులో రాస్తాం. జీటీఏ ఆన్‌లైన్‌లో 2019 డైమండ్ కాసినో అప్‌డేట్‌తో వచ్చిన వీనీ డైనస్టీ అనే కారు దగ్గర ఆ గడి నిలవడం లేదు. ఒకరు "హిందుస్థాన్ అంబాసిడర్" అని రాస్తారు. తెల్లారేసరికి ఇంకొకరు దాన్ని "మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3" చేస్తారు. మూడో ఆయన వచ్చి రెండూ తీసేసి "కలగలుపు" అని పెడతారు.

నా పక్షం ముందే చెప్పేస్తున్నా: పేరు ఒకటే ఉండాలి. జాబితా తెరిచేవాడు "నిస్సాన్ స్కైలైన్ ఆర్34 ఏయే గేముల్లో ఉంది" అని వెతుక్కోవడానికి వస్తాడు. ముందు బంపర్ ఫలానాది, వెనక లైట్లు ఫలానావి అని పేరా రాసి పెడితే వాడికేం ఉపయోగం? దగ్గరి పోలిక ఏదో అది రాసి వదిలేద్దాం. కాదనేవాళ్లు కారణంతో చెప్పండి. "చూస్తేనే తెలుస్తోంది కదా" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఉత్తరపారా58
ఒకే పేరు అంటే అంబాసిడరే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఇంగ్లాండ్‌లో 1956లో వచ్చి 1959కల్లా ఆగిపోయింది. అదే బాడీని హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 మే దాకా తయారు చేసింది. ఇంగ్లాండ్‌లో మూడేళ్లు, ఇక్కడ అర్ధ శతాబ్దం పైన. 2019లో కూర్చుని బొమ్మ గీసిన ఆర్టిస్టు ముందున్న ఫొటోల్లో ఎక్కువ ఏ కారువి ఉంటాయో ఆలోచించండి. కోల్‌కతా పసుపు టాక్సీ, తెల్ల సర్కారీ బండి, ఇవి కాక ఇంకేముంటాయి?

తార్నాక_టర్బో
అన్నా, ఆర్టిస్టు ముంగట ఏ ఫొటో ఉండెనో నువ్వు చూసినవా? ఊహ వద్దు. గేమ్‌ల డైనస్టీ చేసే కల్పిత కార్ల కంపెనీ పేరు చూడు: వీనీ. గా వీనీనే ఇస్సీ కూడా చేస్తది, ఇస్సీ అంటే మినీ కూపర్ అని చిన్నపిల్లగాడు గూడ చెప్తడు. అంటే వీనీ బ్రిటిష్ కంపెనీకి పేరడీ. మోరిస్, మినీ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) గూటివే. గట్లున్నప్పుడు డైనస్టీ మోరిసే అయితది. మన మీద ప్రేమతోని జాబితా రాస్తే అది జాబితా కాదు, సన్మాన పత్రం.

ఓఆర్ఆర్_120
కంపెనీ పేరుతో తేల్చేస్తే ఇంకో చోట ఇరుక్కుంటాం. రూఫ్ సంగతి చూడండి, పోర్షె బాడీల మీద సొంత కార్లు చేసే జర్మన్ కంపెనీ అది. గేముల్లో పోర్షె కార్లు వాడుకునే లైసెన్స్ ఏళ్ల తరబడి ఈఏ అనే గేమ్ కంపెనీ చేతిలో ఉండిపోయింది. 2016 చివర్లో ఆ ఒప్పందం ముగిశాకే, 2017లో రేసింగ్ గేము గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌తో ఆ సిరీస్‌లోకి పోర్షె కార్లు వచ్చాయి. అంతవరకూ ఆ గేముల్లో 911 లాంటివన్నీ రూఫ్ పేరుతోనే ఉండేవి. వాటిని "పోర్షె 911" అని రాస్తే తప్పు. రూఫ్‌కి జర్మనీలో సొంత తయారీదారు గుర్తింపు ఉంది, ఛాసిస్ నంబరు వాళ్లదే. రూఫ్ వాళ్ల 1987 సీటీఆర్‌ని దగ్గరగా చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. మామూలు 911కి పైకప్పు అంచున వాన నీళ్లు జారే సన్నని గాడి ఉంటుంది, సీటీఆర్‌లో దాన్ని తీసేసి నున్నగా చేశారు.

ఇప్పుడు ఇదే లెక్క డైనస్టీకి పెట్టండి. తయారీదారు పలక మీద ఉన్న పేరే ప్రమాణమైతే అంబాసిడర్ మోరిస్ కాదు, ఎవరి ఆర్‌సీ చూసినా హిందుస్థాన్ అనే ఉంటుంది. కానీ రూఫ్ కారు గేములో రూఫ్ పేరుతోనే, లైసెన్స్‌తోనే ఉంది. డైనస్టీకి అలాంటి పలకే లేదు. లైసెన్స్ ఉన్న కారుని బ్యాడ్జీతో గుర్తిస్తాం, లేనిదాన్ని రేకుతో, అంటే బాడీ ఆకారంతో గుర్తించాలి. ఈ రెండింటికీ ఒకే గడి పెట్టడం దగ్గరే తేడా వస్తోంది.

కొలబద్ద
రేకుతో అంటే ఎలాగో చెప్పుకోకపోతే మళ్లీ కంటిచూపు దగ్గరికే వస్తాం. పద్ధతి రాస్తున్నా, పొడుగైనా చదవండి.

పక్క నుంచి ఒక ఫొటో కావాలి. చదును నేల, స్టీరింగ్ తిన్నగా, బండి ఆగి సస్పెన్షన్ సర్దుకున్నాక, గేములో మధ్యాహ్నం, లైట్లు ఆపి, మోడిఫికేషన్లు ఏవీ లేకుండా. కెమెరా చక్రం ఇరుసు ఎత్తులో ఉండాలి. దగ్గర నిలబడి తీయకండి, దగ్గర నుంచి తీస్తే కెమెరా వైపున్న భాగాలు ఉబ్బుతాయి, చివర్లు కుంచించుకుపోతాయి. పీసీలో జీటీఏ 5 ఉంటే రాక్‌స్టార్ ఎడిటర్‌లో ఫ్రీ కెమెరా పెట్టి, వీలైనంత వెనక్కి వెళ్లి, జూమ్ చేయండి. సరిగ్గా పక్క నుంచే తీశామా అని తెలుసుకోవడం తేలిక: అవతలి వైపు చక్రాలు ఇవతలి చక్రాల వెనక దాదాపు దాగిపోవాలి, రెండు చక్రాలూ గుండ్రంగా కనిపించాలి. ఒకటి కోడిగుడ్డులా ఉంటే ఆ ఫొటో పక్కన పడేయండి.

తర్వాత ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఎన్ని పిక్సెళ్లు, బంపర్ కొస నుంచి కొసకి ఎన్ని పిక్సెళ్లు కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. జీటీఏ 4లో సుల్తాన్ అనే కారు మీద పాత తగాదా ఉంది కదా, టయోటా ఆల్టెజా అని కొందరు, సుబారు ఇంప్రెజా అని కొందరు. అసలు కార్ల లెక్క ఇది: ఆల్టెజా వీల్‌బేస్ (ఇరుసుల మధ్య దూరం) 2670 మి.మీ., పొడవు 4400, నిష్పత్తి 0.607. 2001 నాటి ఇంప్రెజా సెడాన్ వీల్‌బేస్ 2525, పొడవు 4405, నిష్పత్తి 0.573. పొడవు ఇంచుమించు ఒకటే, చక్రాల మధ్య దూరం మాత్రం 14 సెం.మీ. పైనే తేడా. ఫొటోలో కారు పొడవు 1000 పిక్సెళ్లు ఉంటే ఇరుసుల మధ్య ఒకదానికి 607, రెండోదానికి 573 వస్తుంది. ఇది కొలతలో కొట్టుకుపోయే తేడా కాదు.

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే కొలవకుండానే కొంత పట్టేయొచ్చు. సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉండే సుబారు బాక్సర్ ఇంజిన్ ముందు ఇరుసుకి ఇంకా ముందుకి వేలాడుతుంది, అందుకే చక్రం ముందు ముక్కు పొడుగు. ఆల్టెజా వెనక చక్రాలు తిప్పే బండి, ఇంజిన్ వెనక్కి జరిగి ఉంటుంది. ముక్కు పొట్టి, ముందు చక్రానికీ ముందు తలుపుకీ మధ్య రేకు ఎక్కువ. బంపర్లూ లైట్లూ ఏ కారువైనా తెచ్చి అతికించొచ్చు. ఈ ఎడం మార్చాలంటే బాడీ మొత్తం మళ్లీ గీయాలి.

చాదర్‌ఘాట్_కెమెరా
పద్ధతి బాగుంది, గుడ్డిగా నమ్మితే మాత్రం మునుగుతారు. ఒకటి, చక్రం సైజుని ఎప్పుడూ కొలమానంగా తీసుకోవద్దు. పాత జీటీఏ గేము శాన్ ఆండ్రియాస్‌లో చక్రాలు బాడీతో కలిపి గీసినవి కావు, వాటి పరిమాణం వెహికల్స్ డాట్ ఐడీఈ ఫైల్లో విడిగా రాసి ఉంటుంది. ఆ అంకె మారిస్తే చక్రం మారుతుంది. రెండు, బంపర్లు. 1970ల్లో అమెరికా భద్రతా నిబంధనల వల్ల అక్కడ అమ్మిన కార్లకు పొడుచుకొచ్చే బంపర్లు వచ్చాయి. అదే మోడల్ యూరప్ బండి కంటే అమెరికా బండి పొడుగు, దాంతో నిష్పత్తి తారుమారు. కాబట్టి ఏ దేశం స్పెక్‌తో పోలుస్తున్నారో రాయండి. మూడు, ఎత్తు. డ్రైవర్ బొమ్మ, ఎక్కే దిగే యానిమేషన్ చాలా కార్లకు ఉమ్మడి, వాటికి సరిపోయేలా పైకప్పు లేపి ఉండొచ్చు. ఎత్తు లెక్క నేను అసలు చూడను.

దూరం నుంచి జూమ్ చేయడంలో ఇంకో తిరకాసు ఉంది. కెమెరా మరీ దూరమైతే గేమ్ తక్కువ వివరాలున్న మోడల్‌ని చూపిస్తుంది. అప్పుడు వెనక లైట్ల ఆకారం, గ్రిల్ గీతలు అన్నీ మొద్దుబారిపోతాయి. నిష్పత్తికి దూరం ఫొటో, లైట్లకు దగ్గరి ఫొటో, రెండూ వేరువేరుగా తీయాలి. ఓపెన్ఐవీ లాంటి టూల్‌తో మోడల్ ఫైలే తెరిస్తే ఈ బాధ తగ్గుతుంది. ఫైళ్లు చూడటం వరకే చూడండి, మార్చిన ఫైళ్లు అలాగే ఉంచి ఆన్‌లైన్‌లోకి వెళ్తే అకౌంట్ పోతుంది.

ఇంజిన్ శబ్దం, బానెట్ లేపితే కనిపించే ఇంజిన్ బొమ్మ, ఇవి సాక్ష్యాలే కావు. ఒకే శబ్దాన్నీ ఒకే ఇంజిన్‌నీ నాలుగు కార్లకు వాడేస్తారు.

మలక్‌పేట్_మెష్
ఇంత కొలిచాక 0.607కి దగ్గరగా వస్తే "ఆల్టెజా" అని ఒక్క పేరు రాయడానికి అడ్డేంటి? కొలబద్ద గారి పద్ధతి నా వాదనకే బలం ఇస్తోంది.

ఓఆర్ఆర్_120
అడ్డు ఏంటంటే కలిపింది కావాలని కలిపారు. కారు ఆకారానికి కూడా చట్టరక్షణ ఉంటుంది. ఫెరారీ డేటోనా, టెస్టారోసా బాడీలను కాపీ కొట్టి, భాగాలు తెచ్చి బిగించుకునే కిట్ కార్లు అమ్మిన వ్యక్తి మీద ఫెరారీ వేసిన కేసులో అమెరికా అప్పీలు కోర్టు 1991లో ఫెరారీ పక్షానే తీర్పిచ్చింది. అది నిజం కార్ల కేసు, గేములది కాదు. అయినా లైసెన్స్ లేకుండా కారు గీసేవాళ్లు ఒక మోడల్‌కి అచ్చు నకలు కాకుండా జాగ్రత్త పడటానికి అలాంటి భయాలే మూలం. ముందుభాగం ఒకదానిది, వెనకభాగం ఇంకోదానిది పెట్టడం వాళ్ల పనితనం. దాన్ని ఒక్క పేరుకి కుదిస్తే సగం కారుని జాబితా నుంచి తీసేసినట్టే.

అలాగని "లైసెన్స్ లేదు కాబట్టి ఇది అసలు కారు కాదు" అనేవాళ్లూ తప్పే. కాల్ ఆఫ్ డ్యూటీలో హమ్వీ అనే అమెరికా సైనిక వాహనాలు వాడినందుకు వాటి తయారీదారు ఏఎం జనరల్ 2017లో ఆ గేమ్ కంపెనీ యాక్టివిజన్ మీద కేసు వేస్తే, 2020లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు యాక్టివిజన్ వైపే నిలిచింది. లైసెన్స్ లేకపోయినా అది హమ్వీయే, అక్కడ కలగలుపు అని రాస్తే నవ్వుతారు.

తార్నాక_టర్బో
ఒకే పేరోళ్లు ఇంకోటి మర్చిపోతున్నరు. గేమ్ పేరు రాయకుండ కారు పేరు రాస్తే మొత్తం ఆగమైతది. ఇన్ఫర్నస్ అనే కారు తీస్కో. జీటీఏ వైస్ సిటీల లంబోర్గిని కౌంటాష్ లెక్క ఉంటది, శాన్ ఆండ్రియాస్‌ల హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ లెక్క. బఫెలో శాన్ ఆండ్రియాస్‌ల కమారో, జీటీఏ 5ల నాలుగు తలుపుల డాడ్జ్ చార్జర్. పేరొక్కటే, బండ్లు వేరు. గిప్పుడున్న జాబితాల ఇన్ఫర్నస్‌కి ఒక్కటే వరుస ఉంది, జర చూస్కో.

ఉత్తరపారా58
అన్నీ సరే, డైనస్టీ సంగతి తేల్చండి. కొలిస్తే ఏమొస్తుంది?

కొలబద్ద
డైనస్టీ దగ్గర కొలత చేతులెత్తేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 వీల్‌బేస్ 97 అంగుళాలు, అంటే 2464 మి.మీ. అంబాసిడర్‌దీ అదే. ఒకే బాడీ కదా, వేరే అంకె ఎక్కణ్నుంచి వస్తుంది? పైకప్పు ఒంపు, తలుపులు, వెనక మడ్‌గార్డ్ మీద చిన్న రెక్క, ఏది చూపించినా ఇద్దరిదీ అవుతుంది. స్టీరింగ్ ఎడమవైపు ఉందనే మాటకీ విలువ లేదు, ఆ గేములో దాదాపు అన్ని కార్లకూ ఎడమవైపే.

మిగిలేది ముఖం ఒక్కటే. అంబాసిడర్ మొదటి రకం, అంటే మనం ఇప్పుడు మార్క్ 1 అనుకునేది, బ్యాడ్జీ తీసేస్తే సిరీస్ 3 నుంచి విడదీయడం కష్టం. 1963లో మార్క్ 2 వచ్చినప్పుడు దగ్గర దగ్గర గళ్ల గ్రిల్ పెట్టారు. 1979 మార్క్ 4కి ముందు చిన్న లైట్లు చతురస్రంగా మారాయి. డైనస్టీ గ్రిల్‌ని తిన్నగా ముందు నుంచి తీసి చూడండి. 1963 తర్వాతి గుర్తు ఒక్కటి దొరికినా అంబాసిడర్ అని నిక్కచ్చిగా రాయొచ్చు, ఎందుకంటే అవి ఇంగ్లాండ్‌లో ఎప్పుడూ లేవు. దొరక్కపోతే "సిరీస్ 3 లేదా మార్క్ 1" అని రెండూ రాయాలి. సాక్ష్యం విడదీయలేని చోట మనం ఒకటి ఎంచుకుంటే అది గుర్తింపు కాదు, ఓటు.

తార్నాక_టర్బో
గీ మాటకు నేను ఒప్పుకుంట. కని గ్రిల్ అంగడి సామాను, మోడిఫికేషన్ల మార్చుకునేది. దుకాణంల కొన్నప్పుడు ఎట్లుందో గా గ్రిల్‌నే లెక్కల తియ్యాలె. ఎవరో మార్చిన బండి ఫొటో పెట్టి "చూడు గళ్లు" అంటే నడవదు.

చాదర్‌ఘాట్_కెమెరా
అసలు బండితో పోల్చడానికి ఫొటోలు కావాలంటే సిటీలో పాత అంబాసిడర్లు ఇంకా కనిపిస్తాయి, యజమానిని అడిగి ముందు నుంచి, పక్క నుంచి తీసుకోండి. బ్యాడ్జీలూ గ్రిళ్లూ యజమానులు ఇష్టం వచ్చినట్టు మారుస్తుంటారు, కాబట్టి ఆర్‌సీలో తయారీ సంవత్సరం ఎంతో అడగండి. బహదూర్‌పురా కార్ల మ్యూజియంకి వెళ్దామని గ్రూపులో ఎవరో అన్నారు. అక్కడున్నవి బర్గర్ కారు, బూటు కారు. సరదాకి వెళ్లండి, కొలతకి కాదు.

మలక్‌పేట్_మెష్
సరే, గడి విడగొడదాం, వెతుకులాట మాత్రం పాడవకూడదు. "వెతకడానికి పేర్లు" అని ఒకటి, "ఎందుకు" అని ఒకటి. మొదటి గడిలోకి పేరు రావాలంటే షరతు పెట్టాలి, లేకపోతే ప్రతి కారుకీ ఎనిమిది పేర్లు చేరతాయి. టెయిల్ లైట్ పోలిందని ఒక పేరు, అద్దం పోలిందని ఇంకో పేరు నేను ఒప్పుకోను.

కొలబద్ద
రెండు వేరువేరు చోట్ల పోలితేనే పేరు. అందులో ఒకటి నిష్పత్తో కిటికీల గీతో అయి ఉండాలి. కిటికీల గీత అంటే పక్క అద్దాలన్నిటి చుట్టూ వచ్చే ఆకారం. బీఎండబ్ల్యూల్లో వెనక తలుపు అద్దం చివర ముందుకి మడిచినట్టుండే ఆ మెలిక చూడండి, 1960ల మొదట్నుంచీ వాళ్ల గుర్తు అది. లైట్లు ఒక్కటే పోలితే "ఎందుకు" గడిలో రాసుకోండి, పేరు గడిలోకి రానివ్వొద్దు. తరం కోడ్, అంటే ఒకే మోడల్‌లో ఏ తరమో చెప్పే గుర్తు, తప్పనిసరి. స్కైలైన్ జీటీ-ఆర్ అని ఊరుకుంటే కుదరదు, ఆర్32 వీల్‌బేస్ 2615, ఆర్34ది 2665.

ఉత్తరపారా58
టయోటా ఏఈ86కి కోడ్ ఒక్కటీ చాలదు. అందులో లెవిన్ రకానికి నిలకడ హెడ్‌లైట్లు, ట్రూనో రకానికి పైకి లేచే హెడ్‌లైట్లు. కోడ్ ఒకటే, ముఖాలు రెండు. అది కూడా రాయించండి.

డైనస్టీ మీద నా మాట మారలేదు, అంబాసిడర్ పేరు ముందు రావాలి.

మలక్‌పేట్_మెష్
అక్షర క్రమంలో అంబాసిడరే ముందొస్తుంది, సంతోషించండి.

ఈ ఆదివారంలోపు కావలసినవి: మార్పులు చేయని డైనస్టీ ముందు నుంచి, పక్క నుంచి, బానెట్ పై నుంచి. జీటీఏ 4 సుల్తాన్ పక్క నుంచి, చాదర్‌ఘాట్ చెప్పినట్టు దూరం ఫొటో ఒకటి, దగ్గరి ఫొటో ఒకటి. ఇన్ఫర్నస్ వరుసని గేము వారీగా నేను విడగొడుతున్నా, బఫెలో వరుసని తార్నాక_టర్బో చూసుకోవాలి. ఫొటోలు కుదించకుండా అసలు సైజులోనే పెట్టండి, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే పిక్సెళ్లు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.