ఇంట్లో అందరికీ ఏటా ఫ్లూ టీకా: అవసరమా, డబ్బు దండగా?

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ నమస్కారం. జూన్ వచ్చింది, వానలు పడుతున్నాయి, బడులు తెరిచారు, మా ఇంట్లో గొడవా మొదలైంది. పాపకి నాలుగేళ్ళు. పిల్లల డాక్టరుగారు ఫ్లూ టీకా వేయించమన్నారు. ఇదే మొదటిసారి కాబట్టి నెల తేడాతో రెండు డోసులట. పనిలో పనిగా మామయ్యగారి సంగతి కూడా అడిగాను. ఆయనకి 71, షుగరుంది, ఆ మధ్య గుండెకి స్టెంట్ వేశారు. "ఆయనకైతే ఆలోచించకండి, వేయించేయండి" అన్నారు. ఇంకా అత్తయ్య, మా ఆయన, నేను ఉన్నాం. ఒక్కో డోసు 1,800. మొత్తం ఆరు డోసులు, 10,800. అదీ ఏటా! మా ఆయన "జలుబుకి పదివేలా?" అంటున్నారు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు "నాన్నకి వేయించకపోతే ఊరుకోను" అంటోంది. మామయ్యగారేమో "కరోనాకి పొడిపించుకున్నది చాలు" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. వేయించాలా? వేయిస్తే ఎవరెవరికి?

గోదారి గట్టు:
మా తాత తొంభై ఏళ్ళు బతికాడు, ఏ టీకా వేసుకున్నాడండీ? మిరియాల పాలు, వాము ఆవిరి, రెండు రోజులు లంఖణం. జలుబు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు.

లెక్కల మాస్టారు (తెనాలి):
గోదారి గట్టు గారూ, మీ తాతగారితో పాటు పుట్టి ముప్ఫైలోనే పోయినవాళ్ళు ఇక్కడికొచ్చి రాయలేరు కదా. కషాయం పక్కన పెట్టి లెక్క చూద్దాం. వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట పోసి జల్లెడ పట్టే కాక్రేన్ అనే సంస్థ ఉంది. 2018లో వాళ్ళు తేల్చిందేమంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో టీకా వేసుకోకపోతే ఒక సీజన్‌లో ఫ్లూ వచ్చేది నూటికి 2.3 మందికి, వేసుకుంటే 0.9 మందికి. అంటే ఒక్కరికి ఫ్లూ తప్పించాలంటే 71 మందికి సూది వేయాలి. 71 ఇంటూ 1,800, అక్షరాలా 1,27,800 రూపాయలు. ఒక్క జ్వరానికి! పైగా వైరస్ ఏటా వేషం మారుస్తుంది. 2014-15 సీజన్‌లో అమెరికాలో టీకా పనితనం 19 శాతమే. టీకాలో పెట్టిన హెచ్3ఎన్2 (ఫ్లూ వైరస్‌లో ఒక రకం) ఒకటి, జనంలో తిరిగింది ఇంకొకటి. సరిగ్గా కుదిరిన ఏడాది కూడా 40 నుంచి 60 శాతం. నేను టీకాలకి వ్యతిరేకిని కాను, "ఇంట్లో అందరికీ తప్పనిసరి" అన్న మాటకి వ్యతిరేకిని.

ఓరుగల్లు నర్సమ్మ:
సార్, మీ లెక్క తప్పంటలేను. అది ఎవరి లెక్కనో చూడుండ్రి. ఆరోగ్యంగ ఉన్నోళ్ళది. 65 దాటినోళ్ళకు అదే కాక్రేన్ల 71 కాదు, 30 అని ఉన్నది. ఇంకోటి, ఫ్లూ అంటే జలుబు కాదు. జలుబు మెల్లగ వస్తది, ముక్కు కారుతది, పోతది. ఇది పొద్దుగాల మంచిగున్న మనిషిని మాపటికి మంచంల పడేస్తది. 102, 103 జ్వరం, ఒళ్ళంత పగులగొట్టినట్టు నొప్పులు.

2015 జనవరిల నేను స్వైన్ ఫ్లూ వార్డుల డ్యూటీ చేసిన. ఆ ఏడు దేశంల 40 వేలకు పైన కేసులు, రెండున్నర వేలకు పైన చావులు. ఊర్లల్ల ఆర్ఎంపీ తోని సూదులేయించుకొని, నాలుగైదు దినాలైనంక వచ్చేటోళ్ళు. పేరు అడిగితె సగం చెప్పి ఊపిరి తీసుకోనీకి ఆగేటోళ్ళు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్ 80 చూపెడుతుండె. ఫ్లూ మందు టామీఫ్లూ మొదటి 48 గంటలల్ల పడితెనే బాగ పనిచేస్తది, వీళ్ళు వచ్చేటాల్లకు ఆ టైము ఎప్పుడో దాటిపోయేది. షుగరున్నోళ్ళు, గుండె జబ్బోళ్ళు, కడుపుతోని ఉన్నోళ్ళు, ఎక్కువ మంచాలు వీళ్ళవే. అప్పటి స్వైన్ ఫ్లూ ఏడికీ పోలే. అదే హెచ్1ఎన్1 ఇప్పుడు మామూలు సీజన్ ఫ్లూ అయి తిరుగుతున్నది, ఈ టీకాల అది కూడ ఉంటది.

స్టెంట్ క్లబ్ మెంబరు (వైజాగ్):
మామయ్యగారి గురించి నేను మాట్లాడొచ్చు, నాక్కూడా రెండున్నాయి. ఊపిరితిత్తుల మాట అలా ఉంచండి, గుండె మాట వినండి. కెనడాలో ఒంటారియో పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. పరీక్షలో ఫ్లూ అని తేలినవాళ్ళకి మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరింతలు. ఒళ్ళంతా వాపు, రక్తం చిక్కబడటం, జ్వరానికి గుండె పరుగు, అన్నీ కలిసి అప్పటికే గార పట్టిన రక్తనాళం మీద పడతాయన్నమాట. 2021లో ఇంకోటి వచ్చింది. గుండెపోటు వచ్చిన వెంటనే సగంమందికి ఫ్లూ టీకా, సగంమందికి ఉత్త సూది వేసి ఏడాది చూశారు. టీకా వేసుకున్నవాళ్ళలో చావులు తక్కువ. ఇది మా కార్డియాలజిస్టు చెప్పేదాకా నాకూ తెలీదు. నెలనెలా కొలెస్ట్రాల్ మందు స్టాటిన్‌కీ, బ్లడ్ థిన్నర్‌కీ పెట్టేదాని ముందు ఏడాదికో 1,800 ఎంతండీ?

లెక్కల మాస్టారు:
మామయ్యగారికి వేయించండి, నేను ఎక్కడా వద్దనలేదు. నా పేచీ మిగతావాళ్ళ గురించి. ముప్ఫై ఏళ్ళ కోడలికీ, కొడుక్కీ ఎందుకు?

మందుల షాపు (రాజమండ్రి):
ఎందుకో కౌంటర్లో నిలబడితే తెలుస్తుంది మాస్టారూ. వానాకాలంలో ఒక్క జ్వరానికి ఎంతవుతుందో చూడండి. సీబీపీ, డెంగీ ఎన్ఎస్1, టైఫాయిడ్‌కి వైడాల్, మలేరియా అని రక్తపరీక్షలు, రెండు సెలైన్లు, అయిదు రోజుల ఆఫీసు సెలవు. ఫ్లూకి యాంటీబయాటిక్ పనిచేయదని తెలిసినా "అజిత్రోమైసిన్ ఒక స్ట్రిప్ ఇవ్వండి" అంటారు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 తిరిగినప్పుడు, దగ్గుకీ జ్వరానికీ అజిత్రోమైసిన్ రాసేయకండని డాక్టర్ల సంఘం ఐఎంఏవాళ్ళే డాక్టర్లకి చెప్పాల్సి వచ్చింది. 1,800 దండగ అన్నవాళ్ళే నాలుగువేల బిల్లు కట్టి వెళ్తుంటారు.

లెక్కల మాస్టారు:
ఆ నాలుగువేలు కట్టేది 71 మందిలో ఒక్కడు. మిగతా 70 మంది టీకా లేకపోయినా కట్టేవాళ్ళు కాదు, లేదా వేసుకున్నా కట్టేవాళ్ళే. ఇంకోటి, వానాకాలపు జ్వరాలన్నీ ఫ్లూ కాదు. టీకా వేసుకున్నవాడికి డెంగీ వస్తే ఎన్ఎస్1 చేయించక తప్పుతుందా? నా లెక్క చెక్కుచెదరలేదు.

డాలస్ బావ:
మేం ఇక్కడ ఏటా అక్టోబరులో సరుకులకి వెళ్ళినప్పుడు ఫార్మసీలో వేయించుకుంటాం, ఇన్సూరెన్స్ కట్టేస్తుంది, డబ్బుండదు. మీరూ అక్టోబరుదాకా ఆగి వేయించుకోండి, కొత్త టీకా అప్పుడే వస్తుంది.

మందుల షాపు (రాజమండ్రి):
బావగారూ, అది మీ చలికాలపు క్యాలెండరు. మన దగ్గర ఫ్లూ రెండుసార్లు లేస్తుంది, జనవరి నుంచి మార్చి ఒకసారి, వానలతో ఇంకోసారి. తెలుగు రాష్ట్రాల్లో వానలదే ఎక్కువ. శ్రీనగర్‌లాంటి చోట మీలాగే చలికాలం. టీకా వేసుకున్నాక శక్తి రావడానికి రెండు వారాలు పడుతుంది, ఆరు నెలలు దాటాక పలచబడుతుంది. అక్టోబరులో వేసుకుంటే వచ్చే జులైకి ఏం మిగులుతుంది? ఇక్కడ ఏప్రిల్, మే మంచి నెలలు. జూన్ అయినా నష్టం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) ఏడాదికి రెండుసార్లు కూర్చుని టీకాలో ఏ వైరస్ రకాలు పెట్టాలో చెబుతుంది. ఫిబ్రవరిలో చెప్పేది ఉత్తరార్ధగోళం టీకాకి, సెప్టెంబరులో చెప్పేది దక్షిణార్ధగోళానికి. మన దేశం ఉన్నది ఉత్తరంలోనే అయినా, వానల ముందు వేసుకునేవాళ్ళకి కొత్తగా చేతికొచ్చేది దక్షిణార్ధగోళం టీకా. పెట్టె మీద ఎస్‌హెచ్ (దక్షిణం) అనో ఎన్‌హెచ్ (ఉత్తరం) అనో, పక్కన సంవత్సరం ఉంటుంది. వేయించుకునేముందు పెట్టె చేతిలోకి తీసుకుని చూడండి.

ఇంకో మాట. "నాలుగు రకాలది, మంచిది" అని కొన్నిచోట్ల ఎక్కువ తీసుకుంటున్నారు. ఆ నాలుగోది బి యమగాటా అనే వైరస్ రకం. 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా తగల్లేదు, తీసేయవచ్చని డబ్ల్యూహెచ్ఓ 2023 సెప్టెంబరులోనే చెప్పింది. మూడు రకాలది దొరికితే నిశ్చింతగా వేయించుకోండి. ఫ్రిజ్ ఎలా ఉందో కూడా ఓ కన్నేయండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ గడ్డల పక్కన పెట్టి ఒక్కసారి గడ్డకట్టిందా, ఇక పారెయ్యాల్సిందే.

గోదారి గట్టు:
మా మేనత్త ఆ సూది వేయించుకున్న మూడోరోజే జ్వరంతో పడుకుంది. టీకా వల్లే ఫ్లూ వచ్చింది కదా?

ఓరుగల్లు నర్సమ్మ:
ఈ సూదిల ఉండేటివి చచ్చిన వైరస్ ముక్కలు. వాటితోని ఫ్లూ రాదు. చెయ్యి గుంజుడు, ఒకటి రెండు దినాలు నలత, కొంచెం జ్వరం ఉండొచ్చు. నేను వేసినోళ్ళల్ల కూడ చూసిన. లేకుంటె అప్పటికే ఇంకో వైరస్ పట్టి ఉంటది, జలుబు చేసే వైరస్‌లు వందకు పైన ఉన్నయి. రెండు వారాలు కాకముందు ఫ్లూ తగిలినా టీకా ఆపలేదు.

లెక్కల మాస్టారు:
దుష్ఫలితాల మాట వచ్చింది కాబట్టి అదీ తేల్చేద్దాం, నా పక్షానికి పనికిరాకపోయినా సరే. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేసినప్పుడు గిలాన్ బారే అనే నరాల జబ్బు లక్షకి ఒకరికి అదనంగా వచ్చింది. ఇప్పటి టీకాలతో వస్తే గిస్తే పది లక్షలకి ఒకరిద్దరు. ఫ్లూ వచ్చినా ఆ జబ్బు రావచ్చు. కాబట్టి భయంతో మానొద్దు. ఇదివరకు ఆ జబ్బు వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరుకి ముందే చెప్పాలి.

కూకట్‌పల్లి కోడలు:
ఎంత ఓపిగ్గా రాశారండీ! స్టెంట్ గారి పోస్టు మామయ్యగారికి చదివి వినిపించాను. పేపరు దించారు, "ఆరింతలా?" అన్నారు, అంతే, ఒప్పుకున్నట్టే. ఇప్పుడు కొత్త చిక్కు అత్తయ్యది. ఆవిడకి 66, మేం వెల్లుల్లి కూడా తినని ఇంటివాళ్ళం. ఈ టీకా కోడిగుడ్లలో తయారవుతుందని ఎక్కడో చదివారు. చస్తే వేయించుకోనంటున్నారు.

మందుల షాపు (రాజమండ్రి):
నిజమేనండీ. వైరస్‌ని పిండం ఉన్న కోడిగుడ్లలో పెంచి, చంపి, శుద్ధి చేసి తీస్తారు. గుడ్లతో పనిలేకుండా కణాల్లో పెంచే పద్ధతి కూడా ఉంది. మన హైదరాబాద్ భారత్ బయోటెక్ 2010లో హెచ్1ఎన్1కి అలాగే చేసింది. కానీ ఇవాళ క్లినిక్‌లో మామూలుగా చేతికొచ్చేది గుడ్డుదే. గుడ్డు పడనివాళ్ళకి కూడా ఇప్పుడు వేస్తున్నారు, వైద్యపరంగా అడ్డం లేదు. ఆచారం సంగతి ఆవిడ ఇష్టం.

స్టెంట్ క్లబ్ మెంబరు (వైజాగ్):
మేమూ వైష్ణవులమేనండీ. వైద్యో నారాయణో హరిః అన్నారు కదా అని నేను కళ్ళు మూసుకున్నాను. మా ఆవిడ మూసుకోలేదు, ఇప్పటికీ వేయించుకోదు. బలవంతం చేయకండి, ఇంట్లో పెద్దావిడతో పోట్లాట ఫ్లూకంటే ప్రమాదం.

పాతబస్తీ బిడ్డ:
నాదొక్కటే ప్రశ్న. ఇంత ముఖ్యమైతే సర్కారు ఎందుకు ఇస్తలేదు? మా నాయిన హజ్ పోయినప్పుడు క్యాంపుల పైసా లేకుండ ఈ సూది ఏసిండ్రు. మల్ల ఇంటికాడ ఉండే షుగర్ ముసలోళ్ళు ఏం పాపం చేసిండ్రు? పిల్లలకిచ్చే టీకాల లిస్టుల కూడ ఇది లేదు. 1,800 అంటె మా గల్లీల మూడు దినాల కూలి.

లెక్కల మాస్టారు:
ఇది అసలు ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న సాఫ్ట్‌వేర్ దంపతులు వేయించుకుంటారా లేదా అన్నది కాదు, మీ గల్లీలో షుగరున్న ముసలాయనకి ఎవరు వేయిస్తారన్నది. అయితే ఏటా కోట్లమందికి కొని, వానల ముందే వేసి, మళ్ళీ వచ్చే ఏడాదికి మొదటికి రావడం తమాషా కాదు. నిమోనియా టీకా పీసీవీని 2021లో దేశమంతా పిల్లలకి ఉచితం చేశారు. అది చిన్నప్పుడు మూడు డోసులు వేస్తే అయిపోతుంది, ఏటా అక్కర్లేదు. నన్నడిగితే ముందు అదే న్యాయం.

ఓరుగల్లు నర్సమ్మ:
అందరికి వద్దు సార్, షుగరు, గుండె, కడుపుతోని ఉన్నోళ్ళు, వీళ్ళకన్న పీహెచ్‌సీల ఇయ్యాలె. తల్లికి వేస్తె పుట్టిన బిడ్డకు కూడ కాపు ఉంటది. ఆరు నెలలు నిండే దాక బిడ్డకు ఈ సూది వేయరాదు కద. దీనికి మీ 71 లెక్క నడవదు.

లెక్కల మాస్టారు:
గర్భిణులకి సరే. గుండె జబ్బులకీ సరే. షుగరు ఒక్కటే ఉన్న నలభై ఏళ్ళవాడికి మాత్రం నాకు లెక్క చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

కూకట్‌పల్లి కోడలు:
మా ఇంటి తీర్పు ఇదీ. మామయ్యగారికి, పాపకి వేయిస్తున్నాం. పాప బడి నుంచి ఏది తెచ్చినా ముందు తాతయ్య ఒళ్ళోనే కూర్చుంటుంది కాబట్టి నేనూ వేయించుకుంటాను, మాస్టారు ఏమనుకున్నా సరే. మా ఆయన ఆఫీసులో క్యాంపు పెడితే చూస్తారట. అత్తయ్య నో. ఇవాళ క్లినిక్‌కి వెళ్ళి పెట్టె అడిగితే రిసెప్షన్ అమ్మాయి వింతగా చూసింది. దాని మీద ఎన్‌హెచ్ అని, పోయినేటి సంవత్సరం ఉంది. ఎక్స్‌పైరీ ఈ నెలాఖరు. ఏం చేయమంటారు?

మందుల షాపు (రాజమండ్రి):
గడువు దాటలేదు కాబట్టి చెడ్డదని కాదు, పాత సీజన్‌ది. 1,800 పెట్టి పాతదెందుకు? ఈ ఏడాది ఎస్‌హెచ్ తెప్పించమనండి, లేదా ఇంకో రెండు చోట్ల ఫోన్ చేయండి. వారం ఆగితే కొంప మునగదు, అలా అని ఆగస్టుదాకా లాగకండి. పాప రెండో డోసుకి కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి, అప్పటికి స్టాకు లేదంటారు.