గొప్ప డ్రైవర్లు టీమ్ ఓనర్లు అయితే ఎందుకు బోల్తా పడతారు?

లేట్‌బ్రేకర్:
ఇక్కడ ఎఫ్1 (ఫార్ములా వన్), ఇండీకార్ (అమెరికా సింగిల్ సీటర్ రేసుల సిరీస్) రెండూ చూసేవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నా. ఫ్రాన్స్ డ్రైవర్ అలాన్ ప్రోస్ట్‌కి ఎఫ్1లో నాలుగు టైటిళ్లు, 51 విజయాలు. రేసంతా బుర్రలో లెక్కలు వేసుకుని గెలుస్తాడని 'ప్రొఫెసర్' అని పేరు కూడా పెట్టారు. అలాంటి మనిషి 1997లో లిజియే టీమ్‌ని కొని తన పేరు పెట్టుకుంటే, ఐదు సీజన్లలో ఒక్క రేసూ గెలవకుండా 2002 జనవరికి దివాలా. అంతకుముందు ఏడాదే, అంటే 1996లో, అదే టీమ్ ఒలివియే పానిస్‌తో మొనాకో రేసు గెలిచింది మరి! 2000లో అయితే సీజన్ మొత్తానికి ఒక్క పాయింటు కూడా లేదు.

బ్రెజిల్ డ్రైవర్ ఎమర్సన్ ఫిట్టిపాల్డిది ఇంకా బాధ. 1972, 1974 చాంపియన్, 1975లో రన్నరప్, ఇంకా ముప్పై కూడా నిండలేదు. మెక్‌లారెన్ సీటు వదిలేసి, బ్రెజిల్ చక్కెర సహకార సంఘం కోపర్‌సూకర్ డబ్బుతో అన్న విల్సన్ నడుపుతున్న సొంత టీమ్‌కి వెళ్లిపోయాడు. ఖాళీ అయిన ఆ సీటులో జేమ్స్ హంట్ కూర్చుని 1976 టైటిల్ ఎగరేసుకుపోయాడు. ఫిట్టిపాల్డి ఐదేళ్లు తంటాలు పడితే దక్కిన గొప్ప ఫలితం 1978లో రియోలో రెండో స్థానం.

డ్రైవింగ్ తెలివి వేరు, ఓనర్ తెలివి వేరు అని సరిపెట్టుకుందామంటే ఆస్ట్రేలియా డ్రైవర్ జాక్ బ్రాబమ్ అడ్డొస్తున్నాడు. సొంత పేరున్న కారులో ప్రపంచ చాంపియన్ అయినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే కదా. ఆయనకి కుదిరింది వీళ్లకెందుకు కుదరలేదు?

పాత_డీఎఫ్‌వీ:
మనిషిని కాదు, ఆ రోజుల్లో ఇంజిన్ ఎవరి దగ్గర దొరికేదో చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. 1966లో ఎఫ్1 ఒక్కసారిగా మూడు లీటర్ల ఇంజిన్లకి మారింది. పెద్ద టీముల్లో చాలామంది దగ్గర సరైన ఇంజిన్ సిద్ధంగా లేదు, ఉన్నవాళ్లది బరువో, మొరాయింపో. బ్రాబమ్ ఆస్ట్రేలియాలో రెప్కో అనే విడిభాగాల కంపెనీతో మాట్లాడి, ఓల్డ్స్‌మొబిల్ అల్యూమినియం బ్లాక్ ఆధారంగా ఒక మామూలు వీ8 చేయించుకున్నాడు. పవర్ తక్కువే, కానీ తేలిక, పైగా రేసు చివరిదాకా నిలబడేది. వరసగా నాలుగు రేసులు గెలిచాడు. నలభై ఏళ్లొచ్చాయి, ముసలాడయ్యాడు అని రాశారని నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో గ్రిడ్ (రేసు మొదలయ్యే చోటు) మీదకి పెట్టుడు గడ్డంతో, చేతికర్రతో వచ్చాడు. ఆ రేసూ ఆయనే గెలిచాడు :)

ఇంకో సంగతి, ఆయన ఒంటరి కాదు. కారు డిజైన్ రాన్ టారనాక్ చూసుకునేవాడు. వాళ్ల కంపెనీ కింది స్థాయి ఎఫ్2, ఎఫ్3 వాళ్లకి కార్లు చేసి అమ్మేది, అంటే స్పాన్సర్ దయ లేకపోయినా డబ్బు తిరిగేది. ప్రోస్ట్‌కి అమ్ముకోవడానికి ఏముంది? కారు పక్క మీద జాగా తప్ప ఏమీ లేదు.

1967లో కాస్వర్త్ కంపెనీ డీఎఫ్‌వీ ఇంజిన్ వచ్చింది, మరుసటి ఏడాది నుంచి 7,500 పౌండ్లకి బయటివాళ్లకీ అమ్మారు. హ్యూలాండ్ గేర్‌బాక్స్ తగిలించి, చిన్న షెడ్డు చూసుకుంటే మీరూ ఎఫ్1 టీమే. సర్టీస్, గ్రాహమ్ హిల్, ఫిట్టిపాల్డి అందరూ ఆ దారిలో వచ్చినవాళ్లే. కానీ అదే ఇంజిన్ పక్కవాడి దగ్గరా ఉంటుంది కదా, అక్కడి నుంచి గెలుపంతా ఛాసిస్ (కారు చట్రం) మీదే. సర్టీస్ బైకుల్లోనూ కార్లలోనూ ప్రపంచ చాంపియన్, అయినా ఆయన టీమ్‌కి ఎఫ్1 చాంపియన్‌షిప్ రేసుల్లో ఒక్క గెలుపు లేదు.

హిల్ కథ తలుచుకుంటేనే మనసు పాడవుతుంది. 1975 నవంబర్ 29న ఫ్రాన్స్‌లో టెస్టింగ్ ముగించుకుని సొంత విమానం తనే నడుపుతూ వస్తుండగా లండన్ శివార్లలో పొగమంచులో కూలిపోయింది. కుర్ర డ్రైవర్ టోనీ బ్రైజ్, డిజైనర్, మేనేజర్, ఇద్దరు మెకానిక్‌లు అందరూ అందులోనే ఉన్నారు. టీమ్ కూడా అక్కడితో ఆగిపోయింది. బ్రూస్ మెక్‌లారెన్ 1970 జూన్‌లో గుడ్‌వుడ్‌లో టెస్ట్ చేస్తూ చనిపోయినప్పుడు అలా కాలేదు. టెడ్డీ మేయర్ పగ్గాలు తీసుకున్నాడు, చేతులు కాలి కట్లతో ఉన్న డెన్నీ హల్మ్ ఆ నెలలోనే మళ్లీ కారెక్కాడు, నాలుగేళ్లకి ఫిట్టిపాల్డితో టైటిల్ కూడా కొట్టారు. బ్రూస్ తను లేకపోయినా నడిచే టీమ్‌ని కట్టాడు. ఓనర్‌గా ఆయన గొప్పతనం నాకైతే అందులోనే కనిపిస్తుంది.

మిల్టన్‌కీన్స్_మామ:
అంతా ఇంజిన్ మీదకి తోసేస్తే ఒప్పుకోను పాత_డీఎఫ్‌వీ గారూ. ప్రోస్ట్ మొదలుపెట్టిన 1997లోనే జాకీ స్టీవర్ట్ కూడా మొదలుపెట్టాడు. ఇద్దరూ చాంపియన్లే, కాలమూ ఒకటే. కానీ పద్ధతి చూడండి. స్టీవర్ట్ పాత టీమ్ కొనలేదు. కొడుకు పాల్ అప్పటికే కింది స్థాయి ఫార్ములాల్లో ఏళ్ల తరబడి టీమ్ నడిపి ఉన్నాడు, పని తెలిసిన మనుషులు చేతిలో ఉన్నారు. స్టీవర్ట్‌కి ఫోర్డ్‌తో స్నేహం రిటైర్ అయ్యాక కూడా తెగలేదు, పాతికేళ్ల పైమాట. ఇంజిన్ అడుక్కోవాల్సిన పని లేకుండా ఫోర్డ్ వెనక నిలబడ్డాకే ఎఫ్1లో దిగాడు. ప్రోస్ట్‌కి మాత్రం ఫ్రాన్స్ టీమ్, ఫ్రాన్స్ ఇంజిన్, ఫ్రాన్స్ డ్రైవర్ అనే జాతీయ మోజు నెత్తిన పెట్టారు. పెజో ఇంజిన్ తీసుకున్నాడు, వాళ్లతో పడలేదు, 2000 చివర్లో వాళ్లు ఎఫ్1 నుంచే వెళ్లిపోయారు. ఆఖరి ఏడాది ఫెరారీ ఇంజిన్ డబ్బు పోసి తెచ్చుకున్నాడు. పెద్ద స్పాన్సర్లు జారుకున్నాక అంత డబ్బు ఎక్కడిది?

వీళ్లిద్దరి దారులూ ఒక్క రేసులో కలిశాయి. 1999 నూర్‌బర్గ్‌రింగ్, వాన వచ్చిపోతూ, ముందున్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పోయిన రేసు. మొదట హెర్బర్ట్, స్టీవర్ట్ కారు. రెండోది ట్రుల్లి, ప్రోస్ట్ కారు. మూడోది బారికెల్లో, మళ్లీ స్టీవర్టే. పోడియం మొత్తం ఇద్దరు మాజీ చాంపియన్ల కార్లే. తమాషా ఏంటంటే, ఆ గెలుపు వచ్చేనాటికే స్టీవర్ట్ టీమ్‌ని ఫోర్డ్‌కి అమ్మేసి ఉన్నాడు. అది జాగ్వార్ అయ్యింది, కోట్లు తగలేసింది, 2004 చివర్లో రెడ్ బుల్ చేతికి వెళ్లింది. తర్వాత రెడ్ బుల్ టైటిళ్ల కథ మీకు తెలిసిందే. ఎప్పుడు బయటికి రావాలో తెలిసినవాడే ఓనర్ అని నా లెక్క.

లేట్‌బ్రేకర్:
అంటే స్టీవర్ట్ గెలిచింది ట్రాక్ మీద కన్నా అమ్మకంలోనే అన్నమాట. మరి అమెరికాలో సంగతేంటి? అక్కడ మాజీ డ్రైవర్ కాని ఓనర్‌ని వెతుక్కోవాలేమో అనిపిస్తుంది.

ఇండియానా_తెలుగోడు:
ఇక్కడ ఉండేవాణ్ని కాబట్టి చెప్తా. ఇండీకార్‌లో ఓనర్ కారు తయారు చెయ్యడు, కొనుక్కుంటాడు. 2012 నుంచి అందరిదీ దల్లారా ఛాసిసే, ఇంజిన్ ఇప్పుడు హోండాదో షెవర్లేదో లీజుకి. ఇక మిగిలింది మనుషుల్ని ఎంచుకోవడం, సెటప్, పిట్ స్టాప్, వ్యూహం. ఇవన్నీ డ్రైవర్‌గా ఇరవై ఏళ్లు చూసిన పనులే.

ఇందుకు అచ్చమైన ఉదాహరణ బాబీ రాహల్. 1992లో తన టీమ్‌కి తనే నడిపి కార్ట్ (అప్పటి ఇండీకార్ సిరీస్) టైటిల్ గెలిచాడు, ఓనర్, డ్రైవర్ ఒక్కడే. అంతటితో ఆగక 1993లో సొంత ఛాసిస్ అన్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారే, అలా అయ్యింది. అప్పటి చాంపియన్ ఇండీ 500 (ఇండియానాపోలిస్‌లో జరిగే 500 మైళ్ల పెద్ద రేసు)కి క్వాలిఫై కూడా కాలేక ఇంట్లో కూర్చున్నాడు! వెంటనే లోలా కంపెనీ కారుకి మారిపోయాడు. 1994లో కొత్త హోండా ఇంజిన్‌తో మళ్లీ అదే గండం వస్తే ఇంకో టీమ్ ఓనర్ రోజర్ పెన్‌స్కీ దగ్గర కార్లు అద్దెకి తెచ్చుకుని మూడో స్థానంలో వచ్చాడు. మరుసటి ఏడాది చూడండి, 1994ని దున్నేసిన పెన్‌స్కీ టీమే 1995లో స్పీడ్ దొరక్క రాహల్ దగ్గర లోలాలు అడిగి తీసుకుంది, అయినా రెండు కార్లూ బయటే ఉండిపోయాయి. ఓనర్‌గా రాహల్ తర్వాత బడ్డీ రైస్‌తో 2004లో, సాటోతో 2020లో ఇండీ 500 గెలిచాడు. 2023లో మాత్రం ఆయన సొంత కొడుకు గ్రాహమ్‌ని ఆఖరి నిమిషంలో గ్రిడ్ నుంచి తోసేసింది ఆయన టీమ్‌లోని ఇంకో కారే. తండ్రి ఎవరి కోసం సంతోషపడాలి, చెప్పండి?

మైకేల్ ఆండ్రెట్టి ఇంకో రకం. డ్రైవర్‌గా ఇండీ 500లో 431 ల్యాపులు ముందున్నాడు, గెలుపు లేదు. ఒక్కసారీ గెలవనివాళ్లలో ఎక్కువ ల్యాపులు ముందున్నది అతనే. ఓనర్‌గా ఐదుసార్లు గెలిచాడు. 2006లో రిటైర్మెంట్ పక్కన పెట్టి తనే కారెక్కాడు. చివర్లో ముందున్నాడు, కొడుకు మార్కో దాటేశాడు, ఆ మార్కోని గీత దగ్గర హార్నిష్ దాటేశాడు. ఆ కారు ఎవరిది? పెన్‌స్కీదే.

పెన్‌స్కీ గురించి మాత్రం ఒకటి చెప్పాలి. 1961, 62లో అమెరికా గ్రాండ్‌ప్రీలో నడిపిన మంచి డ్రైవర్. 28 ఏళ్లకే హెల్మెట్ పక్కన పెట్టి ఫిలడెల్ఫియాలో షెవర్లే కార్ల షోరూమ్ వ్యాపారంలో దిగాడు. ఇండీ 500 ఓనర్‌గా 20 సార్లు గెలిచాడు, 2020లో ట్రాకే కొనేశాడు, సిరీస్‌తో సహా. ఇది నాకు నచ్చదు. ట్రాక్ ఆయనదే, సిరీస్ ఆయనదే, టీమ్ ఆయనదే అయితే ఎలా? 2024లో పుష్ టు పాస్ (దాటడానికి అదనపు పవర్ ఇచ్చే బటన్) గొడవలో ఆయన డ్రైవర్ న్యూగార్డెన్ గెలుపు రద్దయ్యింది, 2025లో ఇండీ క్వాలిఫయింగ్‌లో ఆయన కార్లు రెండు రూల్ తప్పాయని వెనక్కి పంపారు, పెద్ద తలకాయలు ముగ్గుర్ని ఆయనే ఇంటికి పంపాడు. తప్పు దొరికింది, శిక్షా పడింది, అది నిజమే. అయినా అనుమానం పోదు.

పక్కమాట: లేట్‌బ్రేకర్ బాధపడ్డ ఫిట్టిపాల్డి తర్వాత ఇక్కడికొచ్చి 1989లోనూ, 1993లో పెన్‌స్కీ కారులోనూ ఇండీ 500 గెలిచాడు. రెండోసారి ఆనవాయితీ పాలు పక్కన పెట్టి ముందు నారింజ రసం తాగాడు, సొంత నారింజ తోటలున్నాయని. జనం ఇప్పటికీ తిడతారు. వ్యాపార బుద్ధి లేదనడానికి లేదు :)

బ్యాక్‌మార్కర్:
నా థియరీ సింపుల్. ఓ మోస్తరు డ్రైవరే మంచి ఓనర్. విలియమ్స్ టీమ్ పెట్టిన ఫ్రాంక్ విలియమ్స్ డ్రైవర్‌గా ఎవరికి గుర్తు? జోర్డాన్ టీమ్ పెట్టిన ఎడ్డీ జోర్డాన్ బ్యాంకు గుమాస్తాగా మొదలై ఎఫ్3 దాకా వచ్చి ఆగాడు. ఇండీకార్ టీమ్ ఓనర్ చిప్ గనాసీకి 1984 మిషిగన్‌లో ఘోరమైన యాక్సిడెంట్ అయ్యింది, ఇప్పుడు ఆయన టీమ్‌లో అలెక్స్ పాలో వరసపెట్టి టైటిళ్లు కొడుతున్నాడు. రెడ్ బుల్‌ని ఏళ్ల తరబడి నడిపిన క్రిస్టియన్ హార్నర్ అయితే టెస్టింగ్‌లో మోంటోయా కారు వెనక వెళ్తూ, వాడిలా నేను మలుపు తీసుకోలేను అని అర్థమై డ్రైవింగ్ మానేశానని తనే చెప్పుకున్నాడు. తన హద్దు తెలిసినవాడికి ఎదుటివాడి టాలెంట్ కూడా తెలుస్తుంది. ప్రోస్ట్ లాంటివాళ్లకి అంతా తమకి సులువుగా వచ్చేసింది, వేరేవాడికి ఎందుకు రావట్లేదో అర్థం కాదు.

ఇండియానా_తెలుగోడు:
@బ్యాక్‌మార్కర్ బాగుంది కానీ ఏజే ఫాయిట్‌ని ఎక్కడ పెడతావు తమ్ముడూ? నాలుగు ఇండీ 500లు గెలిచినవాడు, 1999లో కెన్నీ బ్రాక్‌తో ఓనర్‌గానూ గెలిచాడు. డాన్ గర్నీ 1967లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో సొంత ఈగిల్ కారులో గెలిచాడు, అదీ లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన వారానికే, తర్వాత ఆయన ఈగిల్ కార్లు ఇండీలో వేరేవాళ్లకీ గెలుపులు తెచ్చాయి. వీళ్లు మోస్తరు డ్రైవర్లా?

షోలవరం_గ్యాలరీ:
మన దగ్గరి మాట ఎవరూ ఎత్తలేదేం? కోయంబత్తూర్ కరివర్ధన్ గారిని మర్చిపోతే ఎలా. మిల్లుల కుటుంబం, తనే రేసర్, మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే సింగిల్ సీటర్ తయారు చేసి కుర్రాళ్లకి అందుబాటులోకి తెచ్చారు. నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టింది ఆ కారుతోనే. 1995లో విమాన ప్రమాదంలో పోయారు, కోయంబత్తూర్ ట్రాక్‌కి ఆయన పేరే. ఆ నరైనే 2005లో ఎఫ్1కి వెళ్లింది జోర్డాన్ టీమ్‌కి. ఆ టీమే చేతులు మారి మాల్యా ఫోర్స్ ఇండియా అయ్యింది. మాల్యా కూడా ఒకప్పుడు చెన్నై దగ్గర షోలవరం ట్రాక్‌లో పాత ఎన్‌సైన్ ఎఫ్1 కారు నడిపినవాడే. 2009 స్పాలో ఫిసికెల్లా పోల్ (క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం), రేసులో రెండో స్థానం, అది చిన్న విషయం కాదు. ఓనర్ పరువు ఎలా పోయినా అక్కడ ఇంజినీర్ల పని గొప్పది.

ఇప్పుడు ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ టీమ్‌ని 2024లో నాగచైతన్య తీసుకున్నాడు. కార్ల పిచ్చి నిజంగా ఉన్నవాడే. ఆ లీగ్‌లో అందరికీ ఒకే రకం కారు కాబట్టి చేతులు కాల్చుకునే భయం తక్కువ.

లేట్‌బ్రేకర్:
అందరికీ థాంక్స్. ఒక్క డౌట్ మిగిలింది. ఎక్‌స్ట్రీమ్ ఈ (కరెంటు ఎస్‌యూవీల ఆఫ్‌రోడ్ సిరీస్)లో నికో రోస్‌బర్గ్ టీమ్ 2021లో, హామిల్టన్ టీమ్ 2022లో చాంపియన్లు అయ్యాయి కదా. అంటే ఈ తరం డ్రైవర్లు మెరుగేనా? రేపు హామిల్టన్ ఎఫ్1 టీమ్ పెడితే?

పాత_డీఎఫ్‌వీ:
అక్కడా అందరికీ ఒకే కారు, ఇండియానా గారు చెప్పిందే మళ్లీ. ఎఫ్1లో సొంత టీమ్ అంటే ఛాసిస్ తనే కట్టాలి. పైగా పాత టీముల వాటా తగ్గుతుందని 2020 ఒప్పందంలో కొత్తవాళ్లకి 20 కోట్ల డాలర్ల ఫీజు పెట్టారు, అది కారు కాయితం మీద గీయకముందే కట్టాల్సిన డబ్బు. 2024 జనవరిలో ఆండ్రెట్టి పేరుతో వస్తే వద్దన్నారు. మైకేల్ పక్కకి తప్పుకున్నాక, జనరల్ మోటార్స్ కాడిలాక్ పేరుతో ముందుకొచ్చాకే 2026కి తలుపు తీశారు. హామిల్టన్ దగ్గర డబ్బుంది, పేరుంది. ముందు వెనకాల నిలబడే కార్ల కంపెనీ ఏదో చెప్పమనండి, తర్వాత మాట్లాడుకుందాం.