రెండో జేమ్స్ క్యాథలిక్ అని ముందే తెలుసు కదా, మరి మూడేళ్లు ఎందుకు ఊరుకున్నారు?

సివిల్స్ అభ్యర్థి:
ఇంగ్లండ్ చరిత్ర చదువుతూ ఒక దగ్గర ఆగిపోయాను. ఇంగ్లండేమో ప్రొటెస్టెంట్ దేశం, జేమ్స్ క్యాథలిక్ అని రాజు కాకముందే అందరికీ తెలుసు, అతనికి సింహాసనం దక్కకూడదని 1679 నుంచి 1681 దాకా పార్లమెంటులో పెద్ద గొడవే జరిగింది. అయినా 1685లో నిక్షేపంగా రాజయ్యాడు. మరి మూడేళ్లకే అల్లుణ్ణి పిలిపించి మరీ ఎందుకు తరిమేశారు?

చరిత్రప్రియ:
అసలు సంగతి వారసుడిదండీ. రాజయ్యేనాటికే జేమ్స్‌కి 51 ఏళ్లు, మొదటి భార్య కూతుళ్లు మేరీ, ఆన్ ఇద్దరూ ప్రొటెస్టెంట్లు, మేరీని హాలండ్ విలియంకి ఇచ్చారు. పెద్దాయన ఎన్నాళ్లుంటాడులే, తర్వాత మేరీయే కదా అని చాలామంది సర్దుకున్నారు. 1688 జూన్ 10న రెండో భార్య, మోడెనా రాకుమారికి కొడుకు పుట్టాడు. అక్కలున్నా హక్కు వాడిదే, పైగా వాణ్ణి క్యాథలిక్‌గానే పెంచుతారు. ఇంకేముంది, ఆ బిడ్డ రాణి కన్నవాడే కాదని, పక్క వెచ్చబెట్టే నిప్పుల పాత్రలో పెట్టి ఎవరి బిడ్డనో దొంగచాటుగా గదిలోకి తెచ్చారని పుకారు లేపారు. కాన్పు గది నిండా మనుషులున్నారు! అక్టోబరులో రాజు సాక్షులను పిలిపించి ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకున్నా నమ్మకూడదనుకున్నవాళ్లు నమ్మలేదు, సొంత కూతురు ఆన్‌కే అనుమానం. ఆ తల్లిని తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

కోటగోడ:
నిజమే గానీ అంతా బిడ్డ మీదికి నెట్టలేం. చట్టం ఒప్పుకోకపోయినా సైన్యంలో క్యాథలిక్ అధికారులను పెట్టింది జేమ్సే. మత స్వేచ్ఛ ఇస్తూ తాను చేసిన ప్రకటనను చర్చిల్లో చదివించాలని అతను ఆదేశిస్తే, పార్లమెంటును కాదని ఇలా చేయడం కుదరదని ఏడుగురు బిషప్పులు అర్జీ పెట్టుకున్నారు, వాళ్లను కోర్టుకీడ్చాడు. ప్రకటనలో ఉన్నది మంచి మాటే, నాకూ ఇష్టమే, కానీ చట్టాన్ని రాజు తనిష్టానికి పక్కనబెడితే రేపు ఇంకేదైనా పక్కనబెడతాడు. జూన్ 30న జ్యూరీ వాళ్లను నిర్దోషులంది, అదే తేదీతో ఏడుగురు ప్రముఖులు సైన్యంతో రమ్మని విలియంకి రహస్యంగా ఉత్తరం రాశారు. నవంబరు 5న అతను సైన్యంతో ఇంగ్లండ్ తీరంలోని టోర్‌బేలో దిగాడు.

సివిల్స్ అభ్యర్థి:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. జర్మనీ నుంచి జార్జిని రాజుగా తెచ్చుకోవడం కూడా దీనివల్లేనా?

చరిత్రప్రియ:
అవునండీ. జేమ్స్ పారిపోయాక విలియం, మేరీ రాజ్యమేలారు, వాళ్లకు పిల్లల్లేరు కాబట్టి తర్వాతి వారసురాలు ఆన్. 1700లో ఆన్ కొడుకు 11 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడాది చట్టం చేసి మొదటి జేమ్స్ రాజు మనవరాలు, జర్మనీలోని హానోవర్ సోఫియాకూ ఆమె ప్రొటెస్టెంట్ సంతానానికీ హక్కు రాసిచ్చారు. 1714 జూన్‌లో సోఫియా, ఆగస్టులో ఆన్ చనిపోయేసరికి, అంతకంటే దగ్గరి చుట్టాలు యాభై మందికి పైగా ఉన్నా క్యాథలిక్కులని దాటేసి సోఫియా కొడుకు జార్జిని కూర్చోబెట్టారు. 2013 చట్టం వచ్చాక క్యాథలిక్‌ని పెళ్లాడినా హక్కు పోదు, తాను క్యాథలిక్ అయితే మాత్రం ఇప్పటికీ సింహాసనం దక్కదు.