మాల్స్, ఫోన్లు ఉన్న కాలంలో ప్రజాస్వామ్యానికి బహిరంగ స్థలాలతో ఇంకా పనుందా?

ప్రశ్న: బాటసారి

నగర ప్రణాళిక గురించి ఎక్కడ చర్చ జరిగినా, పార్కులూ కూడళ్లూ కాలిబాటలూ ప్రజాస్వామ్యానికి ప్రాణమన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆరోగ్యానికీ పిల్లల ఆటలకూ అవి అవసరమంటే ఒప్పుకోగలను గానీ, ప్రజాస్వామ్యంతో వాటికున్న సంబంధమే నాకు అంతగా బోధపడడం లేదు. కలుసుకోవడానికి మాల్స్ ఉన్నాయి, వాదించుకోవడానికి సామాజిక మాధ్యమాలు ఉన్నాయి, పాలకులను మార్చడానికి ఎన్నికలు ఉన్నాయి. ఇవన్నీ ఉండగా నగరం నడిబొడ్డున అంత ఖరీదైన నేలను ఖాళీగా వదిలేయడానికి వేరే కారణమేమైనా ఉందా? ఉంటే, ఆ పని మాల్ ముందరి ఆవరణ ఎందుకు చేయలేదు?

జవాబు: న్యాయపాఠకుడు

బాటసారి గారూ, మీ చివరి ప్రశ్ననే ముందుగా తీసుకుంటాను. ఎందుకంటే అమెరికా సుప్రీంకోర్టు దానిని సూటిగానే ఎదుర్కొన్నది. వీధులూ పార్కులూ ఎవరి పేరిట ఉన్నా, అనాదిగా జనం గుమిగూడి ప్రజా విషయాలు చర్చించుకోవడానికి వారి తరఫున కాపాడవలసిన ఉమ్మడి ఆస్తిగా ఉన్నవేనని 1939లో హేగ్ వర్సెస్ సీఐఓ కేసులో జస్టిస్ రాబర్ట్స్ రాశారు. 1972లో లాయిడ్ కార్పొరేషన్ వర్సెస్ టానర్ కేసుకు వచ్చేసరికి, మాల్ లోపల యుద్ధ వ్యతిరేక కరపత్రాలు పంచేవారిని ఆపే అధికారం యజమానికి ఉందని అదే కోర్టు తేల్చింది. రాష్ట్ర రాజ్యాంగాలు ఇంతకంటే ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వవచ్చునని 1980లో ప్రూన్‌యార్డ్ కేసులో అంగీకరించినా, ఆ వెసులుబాటు అన్ని రాష్ట్రాల ప్రజలకూ దక్కలేదు. కనుక మాల్‌లో మీరు యజమాని అనుమతి ఉన్నంతసేపే ఉంటారు. వీధిలోంచి మిమ్మల్ని పంపించాలంటే మాత్రం ప్రభుత్వం కారణం చూపవలసి ఉంటుంది. సామాజిక మాధ్యమాల వేదికలూ ఈ విషయంలో మాల్ కోవలోవే: ఖాతా మూసివేయడానికి కంపెనీ నిబంధనలు చాలు.

అయితే యాజమాన్యం ఒక్కటే అన్నీ తేల్చదు. న్యూయార్క్‌లో 1961 నాటి జోనింగ్ (ఎక్కడ ఏం, ఎంత కట్టవచ్చో తేల్చే) నిబంధనలు, కింద అందరికీ తెరిచిన ఆవరణ ఇచ్చే బిల్డర్లకు పైన అదనపు నిర్మాణానికి అవకాశం కల్పించాయి. జుకాటీ పార్కు ఈ తరహా ఏర్పాట్లలో ఒకటి. నగరపాలక సంస్థ పార్కులకు రాత్రి మూసివేత వేళలు ఉంటాయి. ప్రైవేటుదైన ఈ పార్కును మాత్రం ఒప్పందం ప్రకారం ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచాలి. ఆర్థిక అసమానతలకు వ్యతిరేకంగా 2011 సెప్టెంబరు 17న మొదలైన ‘ఆక్యుపై’ ఉద్యమకారులు అక్కడ రాత్రుళ్లు ఉండగలగడానికి ఆ షరతే పెద్ద ఆసరా అయింది. నవంబరు 15న వారిని ఖాళీ చేయించడానికి ఆధారమైనది గుడారాలు వేయకూడదన్న యజమాని నిబంధన. ప్రైవేటు యాజమాన్యం రెండు వైపులా పనిచేసిందన్నమాట.

జవాబు: నగరజీవి

చట్టం సంగతి సబబే గానీ, కూడలిని మరీ నెత్తిన పెట్టుకోనక్కరలేదని నా అభిప్రాయం. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లుగా చెప్పుకొనే ఏథెన్స్‌లో స్త్రీలకూ, బానిసలకూ, బయటినుంచి వచ్చి స్థిరపడినవారికీ పౌరసభలో ఓటు లేదు. అగోరా, అంటే నగర కూడలి, తెరిచి ఉన్నంత మాత్రాన ఆ తలుపు తెరుచుకోలేదు. కైరోలోని తహ్రీర్ కూడలిలో జనం పద్దెనిమిది రోజులు పట్టు విడవకపోవడంతో 2011 ఫిబ్రవరి 11న ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగారు. ఆ తర్వాత ఎన్నికైన అధ్యక్షుడిని 2013 జులైలో సైన్యం తొలగించినప్పుడు సంబరాలు జరిగిందీ ఆ కూడలిలోనే. జనబలాన్ని కళ్లకు కట్టడం వరకే కూడలి పని. సంస్థలను నిర్మించే పని దానివల్ల కాదు. పైగా నెలల తరబడి రోడ్డు మూసుకుపోతే, ఆసుపత్రికి వెళ్లవలసినవాడి హక్కు ఏమవుతుందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే.

జవాబు: పాదచారి

నగరజీవి గారితో సగం ఏకీభవిస్తాను. ఆయన ఉదాహరణలన్నీ మహాసభలవి. నా దృష్టిలో బహిరంగ స్థలం విలువ ఏ విశేషమూ లేని మామూలు రోజుల్లోనే ఎక్కువ తెలుస్తుంది. 1970లలో విలియం వైట్ న్యూయార్క్ ఆవరణలను కెమెరాలతో గంటల తరబడి చిత్రీకరించి, జనం ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ నిలబడి కబుర్లాడతారో గమనించారు. కదిలే కుర్చీలు ఉన్నచోట, మనిషి వచ్చి కుర్చీని కొన్ని అంగుళాలు అటో ఇటో జరిపి, తరచూ దాదాపు మొదటి చోటనే కూర్చుంటాడట. ఆ జరపడం వల్ల ఒరిగేదేమీ లేదనిపిస్తుంది గానీ, ఈ చోటు నాది కూడానని అతడు చెప్పకనే చెప్పినట్టు నాకు తోస్తుంది. అదే బెంచీకి, ఎవరూ పడుకోకుండా, మధ్యలో ఇనుప చేతులు బిగిస్తే, ఎవరు రాకూడదో కూడా చెప్పినట్టే.

ఆ మామూలు హక్కే గడ్డుకాలంలో అక్కరకు వస్తుంది. అర్జెంటీనాలో సైనిక పాలన నడుస్తుండగా, 1977 ఏప్రిల్ 30న, మాయమైన తమ బిడ్డల ఆచూకీ కోసం కొందరు తల్లులు బ్యూనస్ ఎయిరిస్‌లో అధ్యక్ష భవనం ఎదుటి ప్లాజా డి మాయోకు చేరారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అని పోలీసులు ఆజ్ఞాపిస్తే, వారు ఇద్దరిద్దరుగా చేతులు కలుపుకొని కూడలి మధ్యనున్న స్తంభం చుట్టూ నడవసాగారు. సభలు నిషేధించిన ప్రభుత్వం నడకను నిషేధించలేదు. ఆ నడక తర్వాత ప్రతి గురువారం సాగే ఆనవాయితీ అయింది.

బాటసారి

అందరికీ ధన్యవాదాలు. మరి ఎంతసేపు, ఎంతమంది, ఏ వేళల్లో అన్నది ఎవరు నిర్ణయించాలి?

న్యాయపాఠకుడు

నిబంధనలు పెట్టేది ఎలాగూ ప్రభుత్వమే. అవి ముందుగా ప్రకటించినవై, మాట్లాడే విషయాన్ని బట్టి మారనివై ఉండాలి. 1866లో ఓటుహక్కు విస్తరణ కోరుతూ తలపెట్టిన సభను ఆపడానికి లండన్‌లో హైడ్ పార్కు గేట్లు మూసివేస్తే, జనం కంచె కూలదోసి లోపలికి వెళ్లారు. 1872లో చట్టం చేసి, సభలను ఎలా అనుమతించాలో నిర్ణయించే బాధ్యతను పార్కు అధికారులకు అప్పగించారు. ఆ పార్కులో ఎవరైనా నిలబడి ప్రసంగించగల ‘స్పీకర్స్ కార్నర్’ ఆ ఏర్పాటులోంచే నిలదొక్కుకుంది.