పిల్లల సలహా ఎప్పుడు అడగాలి? ప్రశ్నలు రాశాకా, రాయకముందా?

ఉబ్బసం పరిశోధకురాలు:
12 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఉబ్బసం మందు మధ్యలో ఎందుకు మానేస్తారన్న దానిమీద అధ్యయనం మొదలుపెడుతున్నాం. ప్రశ్నావళి, అంగీకార పత్రం పూర్తయ్యాక నలుగురు పిల్లలకు చూపిస్తే సరిపోతుందని మా గైడ్ గారు అంటున్నారు. అప్పటికి ఆలస్యమైపోతుందేమోనని నా భయం. చేసినవాళ్లు చెప్పండి.

పిల్లల వార్డు నర్సు:
మీ భయం నిజమేనమ్మా. అంతా అయ్యాక చూపిస్తే పిల్లలు "బాగుంది" అని ఊరుకుంటారు. పెద్దవాళ్లు అంత కష్టపడి రాసినదాన్ని కాదనడానికి వాళ్లకు నోరు రాదు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యం గురించి ఎనిమిది మెట్ల నిచ్చెన గీశారు. కింది మూడు మెట్లనూ ఆయన భాగస్వామ్యంగా లెక్కే కట్టలేదు. పేరుకు అడగడం వాటిలో ఒకటి.

మేం చేసిన ఒక అధ్యయనంలో "రోజుకు ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడతావు?" అన్న ప్రశ్న ఇంకా చిత్తుకాగితం మీద ఉండగానే ఒక పిల్ల కొట్టేయించింది. "ఎవరి ముందు వాడగలవు అని అడగండి ఆంటీ. క్లాసులో తీస్తే అందరూ చూస్తారు, నేను బాత్రూంలోకి వెళ్లి పీల్చుకుంటా" అంది. మాలో ఒక్కరికీ తట్టని సంగతి. ఆ తర్వాత సగం ప్రశ్నలు మళ్లీ రాశాం.

మీ గైడ్ గారికి 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చూపించండి. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పొచ్చు, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి అని ఉంది.

టైప్ 1 మధుమేహం, 17 ఏళ్లు:
అక్కా, నేను ఇలాంటి సలహా బృందంలో ఉన్నాను. మీటింగులు బడి వేళల్లో పెట్టకండి, పరీక్షల ముందు అసలే వద్దు. దారిఖర్చులు ముందే ఇచ్చేయండి. అమ్మానాన్నల్ని వేరే గదిలో కూర్చోబెట్టండి. అమ్మ పక్కనుంటే ఇన్సులిన్ మానేసిన రోజు గురించి ఎవరు చెప్తారు? ఇంకోటి, మేం చెప్పినవాటిలో ఏది తీసుకున్నారు, ఏది వదిలేశారు, ఎందుకు అనేది మాకు తెలియాలి. మాకు ఆ కబురే రాలేదు. రెండోసారి పిలిస్తే చాలామంది వెళ్లలేదు, నాకూ వెళ్లబుద్ధి కాలేదు.

ఉబ్బసం పరిశోధకురాలు:
ఇద్దరికీ చాలా థాంక్స్. ప్రశ్నావళి రాయడం ఆపేశాను. ఒక్క అనుమానం, "ఇంట్లో చెప్పొద్దు" అని పిల్లలు ఏదైనా చెప్తే?

పిల్లల వార్డు నర్సు:
ఏది మన మధ్యే ఉంటుందో, ఏది ఉండదో మొదటిరోజే చెప్పేయండి. ప్రాణం మీదికి వచ్చేదైతే దాచలేమనీ, బయటికి చెప్పేముందు వాళ్లతోనే మాట్లాడతామనీ అనండి. అది విన్నాకే వాళ్లను నోరు విప్పమనాలి.